భూరసాయన పటంలో మేముండే చోటు ఎర్రగా ఉంటే నేల కలుషితమైనట్టేనా?

మీరు అడిగినవి నిజానికి రెండు. దేశవ్యాప్త భూరసాయన పటంలో (నేలలో, వాగు మట్టిలో ఏ మూలకం ఎంతుందో రంగుల్లో చూపే పటంలో) ఆర్సెనిక్ పొర తెరిస్తే మీరుండే చోటు ముదురు ఎరుపులో ఉంది, అంటే నేల పాడైపోయినట్టేనా అన్నది మొదటిది. రెండు చదరపు కిలోమీటర్లకు ఒక్క శాంపిల్ తీసి దేశమంతటికీ రంగులు పూస్తే దాన్నెలా నమ్మాలి అన్నది రెండోది.

సూటిగా చెప్పేస్తాను. ఆ ఎరుపుకు అర్థం 'మిగతా చోట్లకంటే ఎక్కువ' అని. అంతే. చాలాసార్లు ఆ ఎక్కువకు కారణం అడుగున ఉన్న రాయి. ఇక ఒక్క శాంపిల్ సంగతి, అది వాగు మేట అయితే ఆ పరీవాహక ప్రాంతం మొత్తానికీ నమ్మొచ్చు. మీ పెరట్లో మట్టి ఎలా ఉందో మాత్రం ఆ పటం చెప్పలేదు, చెప్తానని అనడమూ లేదు. కంగారు పడే ముందు చూడాల్సినవి కొన్నున్నాయి. వాటి గురించే ఈ పొడవాటి జవాబు.

నేను ఈ పనిలోకి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. మొదటి ఎనిమిదేళ్లు వాగుల్లో జల్లెడ పట్టుకుని తిరిగాను. ఆ తర్వాత ల్యాబ్ నుంచి వచ్చే అంకెల ముందు కూర్చున్నాను. ఇప్పుడు పటాలు వేసే పక్క ఉన్నాను. అందుకే ఎవరైనా రంగు చూసి టెన్షన్ పడితే నాకు ముందుగా ఆ చుక్క దగ్గర పార పట్టుకుని నిలబడ్డ మనిషి గుర్తొస్తాడు.

వాగు దగ్గర ఏం జరుగుతుందంటే

వాన పడ్డప్పుడల్లా పై ఎత్తున ఉన్న రాళ్లు, నేలలు కొద్దికొద్దిగా అరిగి వాగులోకి చేరతాయి. ఆ అరుగుడంతా కలిసిపోయి వాగు అడుగున మేటగా నిలుస్తుంది. అంటే మనం శాంపిళ్లు కలపాల్సిన పని చాలావరకు వాగే చేసి పెట్టింది. ఒక చిన్న వాగులో ఒక్కచోట తీసిన సన్న మట్టి, దాని ఎగువనున్న రెండు చదరపు కిలోమీటర్ల సగటును మోసుకొస్తుంది. అందుకే పెద్ద ఏర్లు వదిలేసి, ఒకటి రెండు పిల్లకాలువలు మాత్రమే కలిసిన చిన్న వాగుల్నే ఎంచుకుంటాం. పెద్ద ఏట్లో అంతా కలగాపులగమైపోయి, ఏ సంగతి ఎక్కడిదో తెలియకుండా పోతుంది.

తీసే పద్ధతి చూస్తే వంటింటి పనిలాగే ఉంటుంది. ముందు నీళ్ల సీసా నింపుకోవాలి, ఎందుకంటే అడుగు కెలికాక తీస్తే ఆ నీళ్లు నీళ్లు కావు. నీటిని 0.45 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఫిల్టర్‌లో వడగట్టి, లోహాలు సీసా గోడలకు అంటుకోకుండా కొంచెం నైట్రిక్ ఆమ్లం వేస్తాం. పీహెచ్ మాత్రం అక్కడికక్కడే చూడాలి. తర్వాత మేట మీదుండే తుప్పురంగు పొరను పారతో పక్కకు నెట్టేసి, కింద బూడిదరంగులో ఉన్నదాన్ని తీస్తాం. పైన 2 మిల్లీమీటర్ల జల్లెడ, దాని కింద 150 మైక్రాన్ల నైలాన్ జల్లెడ. వాగు నీళ్లే కొద్దిగా పోస్తూ చేత్తో రుద్దాలి. నీళ్లు ధారాళంగా పోస్తే పని త్వరగా అవుతుంది, కానీ మనకు కావలసిన సన్న బంకమట్టి కూడా వాటితోపాటే పోతుంది. అడుగు గిన్నెలో చేరిన బురద నీళ్లు తేరుకునేదాకా ఓ ఇరవై నిమిషాలు ఊరికే కూర్చోవాలి. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు పాడుచేసేది సరిగ్గా ఆ ఇరవై నిమిషాల దగ్గరే. తొందరపడి పైనీళ్లు వంపేస్తారు.

ఉంగరాలు, గాజులు, గడియారాలు తీసేసి సంచిలో పెట్టుకోవాలన్నది మొదటి రోజే చెప్పే రూల్. బంగారం మేటల్లో వంద కోట్ల భాగాల్లో ఒకటి రెండు భాగాల లెక్కన ఉంటుంది. వేలికున్న ఉంగరం ఒక్కసారి జల్లెడకు రాసుకుంటే చాలు, పటంలో 'బంగారు గని' పుట్టుకొస్తుంది.

నేను చేసిన తప్పొకటి చెప్తాను. మొదటి సీజన్‌లో ఓ సాయంత్రం, ఒళ్లు అలసి, రోడ్డు కింద వేసిన జింకు పూత తూముకు పది మీటర్ల దిగువన శాంపిల్ తీశాను. ఎగువకు వెళ్లాలంటే ముళ్లపొద దాటాలి, అంతే కారణం. ఆర్నెల్ల తర్వాత ఫలితాల్లో ఆ ఒక్క చుక్కలో జింకు చుట్టుపక్కల వాటికి నాలుగింతలు వచ్చింది. మా పెద్దాయన ఫీల్డ్ కార్డు తీసి చూశారు. అందులో 'దిగువన, తూము' అని నా చేతిరాతే ఉంది. మళ్లీ వెళ్లి ఆ ముళ్లపొద దాటి ఎగువన తీశాను. మామూలు జింకు. ఆ కార్డులో ఆ రెండు మాటలు రాసి ఉండకపోతే అది ఇప్పటికీ పటం మీద ఎర్ర చుక్కగానే ఉండేది.

శాంపిల్ నంబర్లు తారుమారు చేస్తారు, కావాలనే

పటాన్ని నమ్మాలా వద్దా అన్నది ఎక్కువగా తేలేది ఇక్కడే, దీని గురించి బయట ఎవరూ మాట్లాడరు. ల్యాబ్‌లో యంత్రం రోజంతా ఒకేలా పనిచేయదు. ఉదయం ఒక లెక్క చూపిస్తే సాయంత్రానికి కొంచెం జారుతుంది. శాంపిళ్లను తిరిగిన వరసలోనే నంబర్లు వేసి అదే వరసలో పరీక్షిస్తే, ఆ జారుడు పటం మీద ఒక చారలాగా పడుతుంది. చూసేవాడికి అది అచ్చం భూగర్భ రహస్యంలాగే ఉంటుంది.

బ్రిటిష్ జియలాజికల్ సర్వే వాళ్లు దీనికి చక్కని ఉపాయం పట్టారు. ఫీల్డ్‌లో నంబర్లను కలిపేసిన జాబితా ప్రకారం వేస్తారు, ల్యాబ్‌లో వరసగా పరీక్షిస్తారు. అప్పుడు యంత్రం జారినా ఆ తేడా పటమంతా అక్కడక్కడ చిలకరించినట్టు పడుతుందే తప్ప చారగా మారదు. పైగా ప్రతి నూరు నంబర్లలో కొన్ని ల్యాబ్‌కు చెప్పకుండా ఇరికించినవి ఉంటాయి. ఒకే చోట రెండుసార్లు తీసిన జంటలు, ఒకే శాంపిల్‌ను రెండుగా చేసినవి, ముందే లెక్క తెలిసిన ప్రామాణిక పొడులు. వీటిని పోలిస్తే ఒక ప్రశ్నకు జవాబు దొరుకుతుంది: చోటుకూ చోటుకూ కనిపించే తేడాలో నిజంగా నేలది ఎంత, తీయడంలో వచ్చింది ఎంత, ల్యాబ్‌లో వచ్చింది ఎంత? మొదటిది మిగతా రెంటికంటే బాగా ఎక్కువ ఉంటేనే ఆ మూలకానికి పటం వేయడంలో అర్థముంది.

ఇది పాటించని ఒక పాత డేటా నా చేతికి వచ్చింది. నికెల్ పటంలో నలభై కిలోమీటర్ల పొడవున సన్నని పట్టీ ఒకటి కనిపించింది. మా గదిలో అంతా సంబరపడ్డాం, భూమిలో పగులేదో దొరికిందని. ఎవరో తేదీల ప్రకారం చుక్కలకు రంగులు వేసి చూపించేదాకా ఆ సంబరం నిలిచింది. ఆ పట్టీ మొత్తం ఒకే వారం పరీక్షించిన ఒక పెట్టెడు శాంపిళ్లు. ఏ ల్యాబ్ అన్నది ఇక్కడ అనవసరం, అలాంటిది ఎవరికైనా జరగొచ్చు. మేం ఆ పెట్టెలో ముప్పై శాంపిళ్లు మళ్లీ చేయించాం, పట్టీ మాయమైంది.

ఎంత దట్టంగా తీస్తే చాలు?

ఇది దేశం దేశానికీ మారుతుంది, ఉద్దేశాన్ని బట్టి ఉంటుంది. బ్రిటన్‌లో ఒకటిన్నర, రెండు చదరపు కిలోమీటర్లకు ఒకటి చొప్పున, 1960ల చివర స్కాట్లాండ్ ఉత్తరాన మొదలుపెట్టి, మొత్తం పూర్తి చేసేసరికి నలభై ఏళ్లు దాటింది. చైనాలో 1979లో మొదలైన జాతీయ కార్యక్రమం వాగు మేటల్లో 39 మూలకాలు చూస్తూ 60 లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా తిరిగింది. అక్కడ కొత్త బంగారు నిక్షేపాలు చాలా దొరికింది దీనివల్లే. భారత్‌లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 2001లో మొదలుపెట్టింది. కిలోమీటరు గళ్లలో తీసిన నాలుగు శాంపిళ్లను కలిపి రెండు కిలోమీటర్ల గడికి ఒకటి చేస్తారు. ఫిన్లాండ్‌లో వాళ్లు వాగు మేటలకంటే హిమానీనదాలు వదిలిన మట్టిని ఎక్కువగా నమ్ముకున్నారు. నాలుగు చదరపు కిలోమీటర్లకు ఒకటి చొప్పున 82 వేలకు పైగా శాంపిళ్లు తీశారు. హిమానీనదం మట్టిని ఈడ్చుకెళ్లింది కాబట్టి అక్కడ ఎరుపు మచ్చ ఒకచోట, దానికి కారణమైన రాయి ఇంకోచోట ఉండటం మామూలే.

వీటికి పూర్తి భిన్నంగా అమెరికా నేలల సర్వేలో 2007 నుంచి 2010 వరకు 4,857 చోట్ల తీశారు, అంటే 1,600 చదరపు కిలోమీటర్లకు ఒకటి. యూరప్ సాగునేలల సర్వేలో 2,500 చదరపు కిలోమీటర్లకు ఒకటి. ఇంత పలచగా తీస్తే గని దొరకదు, ఒక ఫ్యాక్టరీ చేసిన పాడు కూడా కనిపించదు. ఖండం అంతటి తేడాలు, అంటే వాతావరణం, పాత రాతి పలకలు, హిమయుగపు మంచు ఆగిన గీత, ఇవి మాత్రం స్పష్టంగా కనిపిస్తాయి. మీరు చూసిన పటం ఈ రెంటిలో ఏ రకమో ముందు తేల్చుకోండి. పలచటి రకమైతే మీ ఊరి పేరు ఆ పటంలో వెతకడమే దండగ. మీ చోట అసలు చుక్కే ఉండకపోవచ్చు, రెండు దూరపు చుక్కల మధ్య ఖాళీని కంప్యూటర్ పూసి ఉండొచ్చు.

ఎరుపు రంగు ఎలా పుడుతుంది

చాలా పటాల్లో అందరికంటే ఎక్కువ వచ్చిన 5 లేదా 10 శాతం శాంపిళ్లకు ముదురు ఎరుపు ఇస్తారు. దేశంలో ఒక్క చోట కూడా ప్రమాదం లేకపోయినా ఆ 5 శాతం ఎర్రగా ఉండి తీరుతుంది. తరగతిలో అందరూ పాసైనా ఆఖరి ర్యాంకు ఎవరో ఒకరికి రాక తప్పదు కదా. అందుకని రంగు వదిలేసి అంకె చూడండి. కిలోకు ఎన్ని మిల్లీగ్రాములు అన్నది చూడండి.

అంకె చూశాక అడగాల్సింది, దేనితో పోల్చాలి? ఇంగ్లండ్‌లో 2012లో చేసిన పని నాకు బాగా నచ్చుతుంది. దేశమంతటికీ ఒకే హద్దు పెట్టకుండా, రాతిని బట్టి విడగొట్టి 'ఇక్కడ ఇంతవరకు మామూలే' అని లెక్క కట్టారు. ఆర్సెనిక్‌కు సాధారణ ప్రాంతాల్లో ఆ అంకె కిలోకు 32 మిల్లీగ్రాములు. ఇనుపరాయి ఉన్న ప్రాంతాల్లో 220. ఖనిజాలు పట్టిన ప్రాంతాల్లో 290. అంటే 150 వచ్చిందనుకోండి, ఒకచోట అది విడ్డూరం, ఇంకోచోట ఏ విశేషమూ లేని సంగతి. మీ చుక్కను, అడుగున ఏ రాయి ఉందో చూపే భూవిజ్ఞాన పటం మీద పెట్టి చూడకుండా ఏ తీర్పూ చెప్పలేం అనడం అందుకే. సర్పెంటైన్ రాళ్ల మీది నేలల్లో నికెల్, క్రోమియం కిలోకు వెయ్యి మిల్లీగ్రాములు దాటడం కూడా సహజమే. అక్కడ ఫ్యాక్టరీ కోసం వెతికితే దొరకదు.

మనుషులు కలిపిందా, రాయి ఇచ్చిందా అన్నది తేల్చడానికి మేం వాడే తేలిక పద్ధతి పైమట్టినీ లోమట్టినీ పోల్చడం. ఒకే గుంటలో 5 నుంచి 20 సెంటీమీటర్ల లోతులో ఒకటి, 35 నుంచి 50 మధ్య ఇంకొకటి తీస్తాం. రాయి నుంచి వచ్చిందైతే రెండింట్లోనూ ఉంటుంది, కింద ఇంకా ఎక్కువ ఉండొచ్చు. పైనుంచి పడ్డదైతే పైమట్టిలోనే పేరుకుంటుంది. పెట్రోలులో సీసం కలిపిన రోజుల్లో నగరాల మీద పడ్డ సీసం ఇలాగే తెలిసిపోతుంది. పాత గనుల ప్రాంతాల్లో మాత్రం ఈ లెక్క చిక్కుముడి పడుతుంది. రాయిలోనే లోహం ఉంది, దాన్ని తవ్వి పోసిన గుట్టలూ అక్కడే ఉన్నాయి. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్, డెవన్‌లలో ఆర్సెనిక్ ఇలాంటిదే, సహజం ఎక్కడ ఆగి గని ఎక్కడ మొదలైందో గీత గీయడం కష్టం.

అంకె పెద్దదైనంత మాత్రాన కీడూ పెద్దది కాదు

మీకు అన్నిటికంటే పనికొచ్చే సంగతి ఇదే అనుకుంటాను. ఆర్సెనిక్ విషయంలోనే రెండు ఉదాహరణలు పక్కపక్కన పెట్టి చూడండి.

ఇంగ్లండ్ మధ్యభాగంలో నార్తాంప్టన్ చుట్టూ ఇనుపరాయి నేలలున్నాయి. పటంలో ఆర్సెనిక్ ఎర్రగా మండిపోతూ ఉంటుంది. కడుపులోని ఆమ్లాన్ని పోలిన ద్రావణంలో ఆ మట్టిని కరిగించి చూస్తే బయటికొచ్చే ఆర్సెనిక్ చాలా తక్కువ. ఇనుము ఆక్సైడ్లు దాన్ని గట్టిగా పట్టుకుని వదలవు.

బంగ్లాదేశ్‌లో కథ దీనికి తలకిందులు. అక్కడి మేటల్లో ఆర్సెనిక్ ప్రపంచంలో ఎక్కడైనా ఉండేంతే. నేల పటం వేస్తే ఎవరి కన్నూ అక్కడ ఆగదు. కానీ భూమి లోపల గాలి అందని చోట, సేంద్రియ పదార్థం కుళ్లుతున్నప్పుడు, ఆర్సెనిక్‌ను పట్టుకున్న ఇనుము ఆక్సైడే కరిగిపోతుంది. పట్టు వదిలిన ఆర్సెనిక్ నీళ్లలో చేరుతుంది. 2001లో వెలువడిన సర్వేలో 3,534 గొట్టపుబావులు పరీక్షించారు. 150 మీటర్లలోపు లోతున్న వాటిలో 27 శాతం, లీటరుకు 50 మైక్రోగ్రాములన్న ఆ దేశపు హద్దును దాటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 10 మైక్రోగ్రాములతో చూస్తే 46 శాతం దాటాయి.

అంటే పటంలో ఎరుపు ఉన్నచోట నీళ్లు భేషుగ్గా ఉండొచ్చు, తక్కువని చూపే నీలం ఉన్నచోట బావి విషమై ఉండొచ్చు. నేల పటం చూసి తాగునీటి గురించి నిర్ణయం తీసుకోకండి. మీరు తాగేది బోరు నీళ్లయితే, పటం ఏ రంగులో ఉన్నా సరే, ఆ నీళ్లను విడిగా పరీక్ష చేయించండి.

తక్కువ అంకెలు కూడా అంతే ముఖ్యం, కానీ నీలం రంగు చూసి ఎవరూ ప్రశ్న అడగరు. చైనాలో ఈశాన్యం నుంచి నైరుతి దాకా ఒక పట్టీలో నేలల్లో సెలీనియం బాగా తక్కువ. అక్కడ గుండె కండరాలు దెబ్బతినే జబ్బుకు 1935లో మొదట గుర్తించిన కౌంటీ పేరుతోనే కెషాన్ జబ్బని పేరొచ్చింది. అదే దేశంలో ఎన్షి దగ్గర సెలీనియం మితిమీరి, 1960ల మొదట్లో మనుషులకు జుట్టు, గోళ్లు ఊడిపోయాయి. పశువుల సంగతికొస్తే, లండన్ ఇంపీరియల్ కాలేజీలో జాన్ వెబ్ బృందం 1960ల్లో వాగు మేటల్లో మాలిబ్డినం ఎక్కువున్న చోట్లను పట్టుకుంది. అడుగున నల్లటి షేల్ రాయి. ఆ మేతలో రాగి ఉన్నా, మాలిబ్డినం దాన్ని పశువు ఒంటికి పట్టనివ్వదు. రైతులకు మందలు ఎందుకు చిక్కిపోతున్నాయో తెలియని చోట్లు కొన్ని వాగు మట్టితో బయటపడ్డాయి. అదే బృందం 1969లో ఇంగ్లండ్, వేల్స్‌లలో దాదాపు 50 వేల మేటలు తీయించి, 1978లో అట్లాస్ వేసింది.

పటం మోసం చేసే ఇంకొన్ని చోట్లు

నీళ్లు ఆమ్లంగా, పీటు నేలల (సగం కుళ్లిన మొక్కలు పేరుకున్న చిత్తడి నేలల) మీదుగా వచ్చే వాగుల్లో ఇనుము, మాంగనీసు పొరలుగా పేరుకుంటాయి. అవి కోబాల్ట్, జింకు, ఆర్సెనిక్‌లను దారిలో పట్టుకుని దాచుకుంటాయి. ఎగువన ఏమీ లేకపోయినా పటంలో మచ్చ పడుతుంది. ఇందాక చెప్పిన తుప్పు పొరను పక్కకు నెట్టడం ఇందుకే. మాంగనీసు పటాన్ని పక్కన పెట్టుకుని చూస్తే ఈ మోసం తెలిసిపోతుంది, రెండింట్లోనూ మచ్చలు ఒకేచోట పడతాయి.

పరీక్ష పద్ధతి కూడా చూడాలి. ఎక్స్‌రే పద్ధతి శాంపిల్‌లో ఉన్నదంతా లెక్కిస్తుంది. ఆక్వా రీజియా అనే ఆమ్లాల మిశ్రమంలో కరిగిస్తే కరిగినంతే వస్తుంది. క్రోమైట్, జిర్కాన్ లాంటి మొండి ఖనిజాలు అందులో సరిగా కరగవు. ఒకే మట్టికి క్రోమియం రెండు రకాలుగా వస్తే ఎవరో అబద్ధం చెప్పారని కాదు. రెండు దేశాల పటాలు సరిహద్దు దగ్గర అతకకపోవడానికి సగం కారణం ఇదే.

ఇంకోటి, లెక్కలంటే ఇష్టమున్నవాళ్లకు మాత్రమే: మట్టిలో అన్ని మూలకాల మొత్తం ఎప్పుడూ వంద శాతమే కావాలి. అందువల్ల ఇసుక పెరిగిన చోట మిగతావన్నీ తగ్గినట్టు కనిపిస్తాయి. నిజానికి పలచబడ్డాయంతే. దీన్ని సరిచేయడానికి అంకెలను నేరుగా కాకుండా నిష్పత్తుల లాగరిథంలుగా మార్చి చూస్తారు.

మీరు చేయాల్సింది

పటం పెట్టిన సైట్‌లో డేటా డౌన్‌లోడ్ ఉంటే మీకు దగ్గరగా ఉన్న నాలుగైదు చుక్కల అంకెలు తీయండి. ఒక్కటే ఎక్కువ ఉండి మిగతావి మామూలుగా ఉంటే, నా తూము లాంటి కథేదో అయ్యుండొచ్చు. అన్నీ ఎక్కువగానే ఉండి, కింద రాయి కూడా ఒకటే అయితే అది అక్కడి సహజ స్థితి. ఒకే వాగు వెంట ఎగువన తక్కువగా ఉండి ఒకచోట నుంచి ఒక్కసారిగా పెరిగితే మాత్రం ఆ మధ్యలో ఏముందో వెళ్లి చూడాల్సిందే. పాత గని గుట్టా, మూతపడ్డ చర్మశుద్ధి కేంద్రమా, ఇంకేదైనానా అని.

చిన్నపిల్లలు మట్టిలో ఆడే చోటు, కూరగాయలు పండించే చోటు అయితే సొంతంగా పరీక్ష చేయించడం మంచిది. ఒక్క చోట తీసి పంపకండి. ఇరవై మీటర్ల చదరం అనుకుని నాలుగు మూలలా, నడిమధ్యా, మొత్తం ఐదు చోట్ల ఒకే లోతులో తీసి, ప్లాస్టిక్ బకెట్‌లో కలిపి అందులోంచి పంపండి. జింకు పూత బకెట్, తుప్పు పట్టిన పార వద్దు. ల్యాబ్ వాళ్లను మొత్తం ఆర్సెనిక్‌తోపాటు కడుపులో కరిగే భాగం కూడా చూడగలరా అని అడగండి. మీ విషయంలో ఆ రెండో అంకే ఎక్కువ పనికొస్తుంది.

మీరు పెట్టిన స్క్రీన్‌షాట్‌లో రంగే ఉంది, అంకె లేదు. ఆ చుక్క అంకె, శాంపిల్ తీసిన సంవత్సరం, వాగు మేటా లేక నేలా, ఏ పద్ధతిలో పరీక్షించారు, ఈ నాలుగూ రాయండి. వీలైతే మాంగనీసు పొర కూడా తెరిచి అక్కడ ఎర్రగా ఉందేమో చెప్పండి. చూసి చెప్తాను.